తలకెత్తిన చేతులు

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 11:22-26



గడచిన కోతపండుగకు కావలసిన సరకులు కొనుటకై మేమును, మా ఆదివారపు బడి ఉపాధ్యాయుడును తెల్లవారకమునుపే బయలుదేరి విశాఖపట్టణములోని పూర్ణా మార్కెట్‌కు వెళ్లితిమి. మీలో అనేకులు ఆ మార్కెట్‌ను ఎరుగుదురు. మీరు పండించిన వంకాయలు, ఆనపకాయలు అక్కడికి మోసికొనిపోయి అమ్మినవారును మీలో నున్నారు. ఇంకను చీకటి యుండగనే బండ్లు వచ్చి నిలుచును. అరటి గెలలు, ఉల్లిపాయల బస్తాలు దిగును. ఇరుకు సందులలో కలాసీలు మూటలతో పరుగెత్తుచు, తప్పుకొమ్మని కేకలు వేయుచుందురు.

గుమ్మడికాయలు, అరటిపండ్లు, కొబ్బరికాయలు బేరమాడి కొంటిమి. పండుగనాడు పిల్లల ఆటల కొరకు ఒక కాలిబంతిని కూడ కొంటిమి. ఆ బంతిని చంకనుంచుకొని మా ఉపాధ్యాయుడు టీ కొట్టు ముందర నిలిచి, మెల్లగా ఈ మాట చెప్పెను: “అయ్యగారూ, పండుగ అయిపోయాక నేను ఆదివారపు బడి మానేద్దామనుకొంటున్నానండి.”

కారణమేమని అడిగితిమి. ఆయన చెప్పలేదు. కాని కారణమును మేమెరుగుదుము. దానిని దాచక మీ యెదుట ఒప్పుకొనుట మంచిది. ఆయన 22 సంవత్సరములుగా జీతము లేక, సెలవు లేక మా పిల్లలకు వాక్యము నేర్పుచున్నాడు. మొన్నటి సంఘ వార్షికోత్సవములో మేము నివేదిక చదివితిమి. గోడకు సున్నము వేయించినవారి పేరు చదివితిమి. కుర్చీలు ఇచ్చినవారి పేరు చదివితిమి. చదువుకొని పెద్ద ఉద్యోగములో చేరిన ఒక యువకుని వేదికమీదికి పిలిచి దండ వేసితిమి. ఆ యువకుడు అక్షరములు కూడబలుకుకొని మొదట బైబిలు చదివినది ఈ ఉపాధ్యాయుని చాపమీదనే. ఆ యువకుడును ఆ పేరెత్తలేదు, మేమును ఎత్తలేదు. ఆయన వెనుక వరుసలో కూర్చుండి, అందరితోపాటు చప్పట్లు కొట్టెను. తప్పు మాది.

ఏమి చెప్పవలెనో తోచక మేము సందులోనికి చూచుచుంటిమి. అక్కడ తల నెరసిన ఒక ముసలి కలాసీ బస్తాల ప్రక్కన నిలిచియుండెను. పడుచువాడు ఒకడు తలపై చుట్టకుదురు పెట్టుకొని వచ్చి వంగును. ముసలివాడు బస్తా క్రింద రెండు చేతులు పెట్టి, ఒక్క ఊపున ఎత్తి వాని తలమీద కుదుర్చును. వాడు వెళ్లిపోవును. ఇంకొకడు వచ్చును. మేము చూచుచుండగనే ఇరువదిమంది వచ్చి వెళ్లిరి. తాతా, నీవు మోయవా యని అడిగితిమి. ఆయన నవ్వెను. “ఇప్పుడు మోయలేను బాబూ. ఎత్తుతాను. ఎత్తేవోడు లేకపోతే మోసేవోడేటి సేత్తాడు? కూలి మాత్రం మోసినోడి సేతికే ఇత్తారు. సాయంత్రం ఆళ్లే నాకో టీ తాగిత్తారు” అనెను.

మా ఉపాధ్యాయుడు ఆ మాట విని చేతిలోని బంతిని చూచుకొనెను. తిరుగు ప్రయాణములో బస్సులో కూర్చుండి మేమాయనకు ఒక మనుష్యుని చరిత్ర చెప్పితిమి. దానినే ఇప్పుడు మీకును చెప్పుచున్నాము.

ఆ మనుష్యుని పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన హైదరాబాదు వాసి. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుకొని, ఆ విద్యాలయపు జట్టులో కాలిబంతి ఆడెను. తరువాత బడిపంతులై హైదరాబాదులోని పాఠశాలలలో పని చేసెను. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది పిల్లలకు ఆటలు నేర్పెను. 1950 నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షకుడాయెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచెను. భారతదేశపు జట్టును కూడ ఆయన చేతికే అప్పగించిరి. 1951లో న్యూఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆ జట్టు ఇరాను జట్టును ఒక గోలుతో ఓడించి స్వర్ణపతకము గెలిచెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, తుదకు నాలుగవ స్థానమును పొందెను. ఒలింపిక్సు కాలిబంతి పోటీలలో అంతవరకు ఆసియా ఖండములోని ఏ దేశమును సెమీఫైనలు చేరియుండలేదు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో మరల స్వర్ణపతకము. అటుతరువాత 1963 జూన్ 11న, 53 సంవత్సరముల వయస్సులో, ఆయన క్యాన్సరు వ్యాధితో మరణించెను.

ఇక్కడ ఎవరైనను అడుగవచ్చును: అయ్యగారూ, ఆయన ముస్లిము గదా, సంఘ పత్రికలో ఆయన ప్రస్తావన యేల? ప్రియులారా, పదిమంది కుష్ఠరోగులు బాగుపడినప్పుడు వెనుకకు తిరిగి వచ్చి కృతజ్ఞత చెల్లించినవాడు ఒక్కడే. అతడు సమరయుడని లూకా 17వ అధ్యాయములో చదువుచున్నాము. మన ప్రభువు ఆ అన్యుని చూపి తనవారికి బుద్ధి చెప్పెను. ఎవరికి గౌరవము బాకీయో వారికి దానిని చెల్లించి తీరవలెనని రోమీయులకు వ్రాసిన పత్రికలో 13వ అధ్యాయము మనకు నేర్పుచున్నది. ఆ బాకీ మన సంఘపు పుస్తకములో పేరున్నవారికే యని అక్కడ వ్రాయబడలేదు. మన రక్షకుడు ఒక్కడే. కాని దేవుడు తన సూర్యుని అందరిమీద ఉదయింపజేయుచున్నాడు గనుక, ఏ మనుష్యుని జీవితములోనైనను మంచి పండిన యెడల దానిని చూచి నేర్చుకొనుట మనకు సిగ్గు కాదు.

ఈ శిక్షకుని జీవితమునుండి మూడు సంగతులు ధ్యానింతము.

మొదటిది: ఆయన బలహీనమైన కాలికి పని చెప్పెను.

బంతి ఆడు ప్రతివానికి ఒక కాలు బలమైనది, ఒక కాలు బలహీనమైనది. అవసరమువచ్చినప్పుడు బలమైన కాలితోనే తన్నుదురు, రెండవ కాలు ఎప్పటికిని నేర్చుకొనదు. రహీం బాలురకు ఒక వింతైన పోటీ పెట్టెను. అందులో బలహీనమైన కాలితోనే బంతి తన్నవలెను. మరియొక పోటీ పెట్టెను. అందులో బంతిని తన కాళ్లయొద్దనే ఉంచుకొని ఒంటరిగా తీసికొనిపోకూడదు, అందిన వెంటనే తోటివానికి అందింపవలెను. మొదటి పోటీ బలహీనతను దిద్దినది, రెండవది గర్వమును దిద్దినది.

మన సంఘములలో మనము ఏమి చేయుచున్నాము? బాగుగా పాడువానిచేతనే ప్రతి ఆదివారము పాడింతుము. ధారాళముగా చదువువానిచేతనే వాక్యము చదివింతుము. నత్తిగల బాలుడు, సిగ్గుపడు బాలిక, చదువురాని తల్లి వెనుకనే కూర్చుందురు. ఆ కాలు ఎప్పుడు బలపడును? మా ఉపాధ్యాయుడు ఒకప్పుడు మాటమాటకు తడబడు బాలుని నిలువబెట్టి 23వ కీర్తన చదివించెను. ఆరు వచనములు చదువుటకు చాల సేపు పట్టెను. కొందరు పిల్లలు నవ్విరి. గడియారము చూచుకొని మేమును విసుగుకొంటిమి. నేడు ఆ బాలుడు తన యింట కుటుంబ ప్రార్థన నడుపుచున్నాడు. దేవుని బలము మనుష్యుని బలహీనతలోనే నిండుగా కనబడునని పౌలు నేర్చుకొనిన పాఠమును (2 కొరింథీయులకు 12) ఈ ఉపాధ్యాయుడు చాపమీద కూర్చుండి నేర్పెను.

రెండవది: ఆయన ఓటమిని పాఠముగా మార్చెను.

1952లో హెల్సింకీ ఒలింపిక్సులో మన జట్టు యుగోస్లావియాతో ఆడి 10-1తో ఓడిపోయెను. ఆ చలిదేశములో మనవారిలో అనేకులు బూట్లు లేక వట్టి పాదములతో ఆడిరి. ఒక్క గోలుకు పది గోళ్లు! ఆ జట్టు శిక్షకుడు రహీమే. విజయము వచ్చినప్పుడు ఆటగాని పేరు, ఓటమి వచ్చినప్పుడు శిక్షకుని పేరు, లోకమర్యాద అది. అయినను ఆయన పని విడువలేదు. ఆ తరువాత మన దేశములో బూట్లు తొడుగుకొని ఆడవలెనని నియమము చేసిరి. నాలుగు సంవత్సరములకు మెల్బోర్నులో ఏమి జరిగెనో పైన చెప్పితిమి.

జకార్తాలోను ఇట్లే జరిగెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మన జట్టును 2-0తో ఓడించెను. తరువాత మనవారు థాయిలాండును, జపానును గెలిచిరి. థాయిలాండుతో ఆడునప్పుడు జర్నైల్ సింగ్ అను ఆటగానికి తలమీద గాయము తగిలి కుట్లు పడెను. అతడు వెనుకనుండి గోలును కాపాడువాడు. రహీం అతనిని త్రోసివేయలేదు. కుట్లుపడిన తలతోనే, వెనుకనుండి ముందు వరుసలోనికి మార్చి ఆడించెను. 1962 సెప్టెంబరు 4న తుది ఆటలో ఎదురుపడినది అదే దక్షిణ కొరియా. ప్రేక్షకులు మనకు విరోధముగా కేకలు వేయుచుండిరి. ఇశ్రాయేలును, తైవానును ఆ క్రీడలకు రానీయకపోవుటను మన దేశపు ప్రతినిధి ఒకరు ఆక్షేపించినందున వారు కోపించియుండిరి. ఆ జనసమూహము మధ్యను పాకిస్తాను హాకీ జట్టువారు మనవారి పక్షముగా ఉత్సాహపరచిరని చెప్పుదురు. హాకీలో మనలను ఓడించినవారు వారే! పొరుగువాడెవడు అను ప్రశ్నకు ప్రభువు చెప్పిన ఉపమానము అప్పుడు జ్ఞాపకమునకు రాదా? ఆనాడు మొదటి గోలు పి.కె. బెనర్జీ కొట్టెను. రెండవ గోలు కుట్లుపడిన తలగల జర్నైల్ సింగ్ కొట్టెను. 2-1తో మన జట్టు గెలిచెను. గోలువద్ద నిలిచినవాడు పీటర్ తంగరాజ్. నాయకుడు చునీ గోస్వామి. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదు వాడైన యూసుఫ్ ఖాన్ ఆ జట్టులోనివారే. హిందువులు, ముస్లిములు, సిక్కులు, క్రైస్తవులు ఒక్క పంతులు మాటకు ఒక్క శరీరముగా కదిలిరి.

మూడవది: ఆయన గీత వెలుపల నిలిచెను.

ఆట మైదానము చుట్టును సున్నపు గీత ఉండును. శిక్షకుడు ఆ గీత దాటి లోపలికి పోకూడదు. సంవత్సరముల తరబడి నేర్పినవాడు ఆట మొదలైన తరువాత ఒక్కసారి కూడ బంతి తాకలేడు. ఆట ముగిసి పతకములు ఇచ్చునప్పుడు అవి ఆటగాండ్ర మెడలలో పడును. నేర్పినవాని మెడలో ఏమియు పడదు. పూర్ణా మార్కెట్ తాత చెప్పినట్లు, కూలి మోసినవాని చేతికే. జకార్తాలో ఆయన దేహములో అప్పటికే ఆ వ్యాధి ఉండెను. ఆ విజయము తరువాత ఆయన బ్రదికినది తొమ్మిది నెలలు మాత్రమే. గొప్ప శిక్షకులకు మన ప్రభుత్వము ఇచ్చు ద్రోణాచార్య బహుమానము 1985లో మొదలైనది. అప్పటికి ఆయన గతించి 22 సంవత్సరములు. 2024లో ఆయన జీవితమును గూర్చి హిందీలో ఒక చలనచిత్రము వచ్చిన పిమ్మటనే మా యువకులలో అనేకులు ఆ పేరు వినిరి. అది 61 సంవత్సరముల తరువాతి మాట. ఆయన చేతిక్రింద గెలిచిన ఆ స్వర్ణపతకము 2023 క్రీడల వరకు మన పురుషుల జట్టుకు మరల రాలేదు. ఎత్తినవాని విలువ, ఎత్తువాడు లేనప్పుడు గదా తెలియును!

ఇప్పుడు మన వాక్యభాగము చూడుడి. యెరూషలేములో సౌలును చూచి అందరును భయపడుచుండగా అతని చేయిపట్టుకొని అపొస్తలులయొద్దకు తీసికొనివచ్చినవాడు బర్నబా (అపొ. కార్యములు 9:27). అంతియొకయలో పని పెరిగినప్పుడు, మరుగున పడియున్న సౌలును వెదకుటకు తార్సుకు వెళ్లినవాడును బర్నబాయే. అతడు తానే ఆ పనియంతయు చేసి పేరు పొందవచ్చును. అట్లు చేయక, తనకంటె గొప్పగా మాటలాడగలవానిని వెదకి తెచ్చి తన ప్రక్కన నిలువబెట్టెను. మొదట బర్నబా, సౌలు అని వారి పేర్లు కనబడును. 13వ అధ్యాయము ముగియకమునుపే పౌలు, బర్నబా అని మారిపోవును. పేరు వెనుకకు జరిగినందుకు బర్నబా సణిగినట్లు ఎక్కడను లేదు. పౌలు వ్రాసిన పత్రికలు మన చేతులలో ఉన్నవి. బర్నబా వ్రాసిన పత్రిక ఒక్కటియు మన బైబిలులో లేదు. కాని అంతియొకయలోని ఆ శిష్యులకే మొదట క్రైస్తవులను పేరు వచ్చినది. మనము ధరించిన ఆ పేరు వెనుక బర్నబా చేతులున్నవి.

మన విశాఖపట్టణముననే ఇట్టి చేతులు పని చేసెను. 1805లో లండను మిషనునుండి జార్జి క్రాన్, అగస్టస్ డె గ్రాంజెస్ అను ఇరువురు ఈ పట్టణమునకు వచ్చి, తెలుగు నేర్చుకొని, ఆనందరాయరను తెలుగెరిగిన సహోదరుని సహాయముతో సువార్తలను మన భాషలోనికి తెచ్చుటకు పూనుకొనిరి. 1809లో క్రాన్, 1810లో డె గ్రాంజెస్ మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపురములో అచ్చుపడినది 1812లో. ఆ అచ్చు పుస్తకమును ఆ ఇరువురిలో ఎవరును కన్నులార చూడలేదు. నేడు మీరు మోకాళ్లమీద బైబిలు పెట్టుకొని చదువునప్పుడు, ఆ మూటను మొట్టమొదట ఎత్తినవారి పేర్లు మీకు తెలియునా?

ఒకడు విత్తును, ఇంకొకడు తడి పెట్టును, మొలిపించి పెంచుట మాత్రము దేవుని చేతిలో ఉన్నదని పౌలు కొరింథీయులకు నేర్పెను (1 కొరింథీయులకు 3). ఇది పనివారికి ఆదరణ. అయితే దీనిని మనము సాకుగా చేసికొనకూడదు. దేవుడు మరువడు గనుక మనము మరచినను ఫరవాలేదని చెప్పుట భక్తి కాదు, బద్ధకము. ఆ పౌలే రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయములో తనతో ప్రయాసపడిన స్త్రీ పురుషులను పేరుపేరున తలంచి వందనములు చెప్పెను. అంత గొప్ప వేదాంతము వ్రాసిన చేయి, పేర్లు వ్రాయుటకు విసుగుకొనలేదు. మేము విసుగుకొంటిమి.

బస్సు మా ఊరి మలుపు చేరునప్పటికి మేము ఈ సంగతులలో చాలవరకు చెప్పి ముగించితిమి. మా ఉపాధ్యాయుడు అంతసేపు ఒక్క మాటయు అనలేదు. దిగి, గుమ్మడికాయల సంచి దింపునప్పుడు ఆయన అడిగెను: “అయ్యగారూ, మూటలు ఎత్తే ఆ తాత పేరేమిటి? మనం అడగనే లేదండీ.”

మేము సిగ్గుపడితిమి. గౌరవమును గూర్చి దారి పొడవున ప్రసంగము చేసినవారము, కన్నులయెదుట కనబడిన మనుష్యుని పేరు అడుగలేదు.

తరువాతి ఆదివారము ఆరాధనలో మేము లేచి, వార్షికోత్సవములో చేసిన తప్పును సంఘము ఎదుట ఒప్పుకొని, 22 సంవత్సరముల సేవను చెప్పి, ఆ ఉపాధ్యాయుని పేరు చదివితిమి. దండ వేయుటకు ఆయన ఒప్పుకొనలేదు. దండలకు ఆయన మారునో మారడో, పని మానునో మానడో మేమెరుగము. ఇంకను ఆయన తన నిర్ణయము చెప్పలేదు. గడచిన ఆదివారము మాత్రము మేము గుడికి వెళ్లునప్పటికి చాపలు పరచియుండెను. మధ్యాహ్నము కళ్లములో పిల్లలు కొత్త బంతితో ఆడుచుండిరి. అందరును ఎడమకాలితో తన్నుచు, తప్పుచు, పడుచు, నవ్వుచుండిరి. ఆయన గట్టుమీద నిలిచి చూచుచుండెను.

కాబట్టి ప్రియులారా, ఈ నెలలో ఒక పని చేయుడి. మీ తలమీదికి మూట ఎత్తినవారు ఒకరుందురు. మీకు అక్షరము నేర్పిన పంతులు, మీకు ప్రార్థన నేర్పిన అవ్వ, మిమ్మును చేయిపట్టుకొని మొదట గుడికి తెచ్చిన పెద్దమ్మ. వారు బ్రదికియుండగనే వారి యింటికి వెళ్లుడి. పేరుపెట్టి పిలిచి, మీ వలన నాకిది కలిగెనని చెప్పుడి. సమాధిమీద చెప్పు మాట వారికి వినబడదు. మీలో మూటలెత్తు పనిలో అలసినవారు ఉన్నయెడల, వారికి మా మనవి ఒక్కటే: గీత వెలుపల నిలిచిన మిమ్మును మేము చూడకపోవచ్చును, యజమానుడు చూచుచున్నాడు. అయినను మిమ్మును చూడకపోయిన మా కన్నులను క్షమించుడి.

ప్రార్థన: మా తండ్రీ, మాకు తెలిసియు తెలియకయు మా భారములను మా తలకెత్తిన చేతుల కొరకు నీకు స్తోత్రములు. మేము మరచిన పేర్లను మాకు జ్ఞాపకము చేయుము. మాలోని బలహీనులకు పని అప్పగించు ఓపిక మాకు దయచేయుము. అలసిన ఉపదేశకులను నీవే ఆదరించుము. మా భారమంతయు సిలువమీద మోసిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.